గని మూసేస్తే ఊరికి ఏమవుతుంది? పరిహారం లెక్క హెక్టార్లలోనా, మనుషుల్లోనా?

పటమట_పుస్తకం:
విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979 నాటిది. పాత 210 మెగావాట్ల యూనిట్లు ఇంకెన్నేళ్లు నడుస్తాయో ఎవరూ చెప్పలేరు గానీ, ఎప్పుడో ఒకప్పుడు ఆగక తప్పదు. ఆ రోజు వచ్చాక లెక్కలు వేసుకుంటే లాభం లేదు. మనకంటే ముందే ఈ దెబ్బ తిన్న ఊళ్లు పైన తెలంగాణలో ఉన్నాయి: ఇల్లెందు, బెల్లంపల్లి. అక్కడ బొగ్గు బాయిలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

బదిలీలు, జీతాల సంగతి పేపర్లలో వస్తూనే ఉంటుంది. నాకు కావలసింది ఆ తర్వాతి పది, ఇరవై ఏళ్ల సంగతి. ఏది ముందు పోతుంది, ఏది ఆలస్యంగా పోతుంది, ముందే ఏం అడిగి రాయించుకోవాలి? తెలిసినవాళ్లు అంకెలతో, పద్ధతులతో చెప్పండి. సొంత జ్ఞాపకాలకు వేరే థ్రెడ్ ఉంది కాబట్టి ఇక్కడ వద్దు.

బ్రాడీపేట_లెక్కలు:
ముందు ఒక అపోహ తీసేద్దాం. సింగరేణిలో గని మూశారని పర్మినెంట్ కార్మికుణ్ణి ఇంటికి పంపలేదు, ఇంకో గనికి బదిలీ చేశారు. అందుకే మూత దెబ్బ కాగితం మీద కనబడదు. అది కనబడేది మొత్తం సంఖ్యలో. 1990 ప్రాంతంలో కంపెనీలో 1 లక్షా 16 వేల మంది ఉండేవారు, ఇప్పుడు 40 వేల దగ్గర. ఉత్పత్తి మాత్రం అప్పటి 1.8 కోట్ల టన్నుల దగ్గర్నుంచి 2023-24లో 7 కోట్ల టన్నులకు పెరిగింది. బొగ్గు నాలుగింతలయింది, పర్మినెంట్ మనుషులు మూడో వంతయ్యారు. రిటైరైనవాడి ఖాళీ నింపలేదు. తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు ఎత్తిన కోల్ ఫిల్లర్ చోట బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రం వచ్చింది. భూగర్భ గని చోట ఓసీ, అంటే పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గని వచ్చింది. ఓసీలో మట్టి తీసే పనంతా కాంట్రాక్టు మీదే నడుస్తుంది, ఆ మనుషులు ఈ 40 వేలలో లెక్కకు రారు.

ఇక టైటిల్‌లో అడిగిన ప్రశ్న. గని మూసివేతకు డబ్బు ముందే పక్కన పెట్టాలని బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో మార్గదర్శకాలిచ్చింది. అప్పటి ధరల్లో ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి హెక్టారుకు 1 లక్ష. ఆ మొత్తాన్ని గని ఆయుష్షుతో భాగించి, ఏటా 5 శాతం పెంచుతూ, కేంద్ర అధికారి కోల్ కంట్రోలర్‌తో కలిపి తెరిచిన ఎస్క్రో ఖాతాలో (షరతులు తీరితేనే డబ్బు తీయగలిగే ఖాతా) వేయాలి.

500 హెక్టార్లు, 25 ఏళ్ల ఆయుష్షు అనుకుని వేసి చూడండి. ఓపెన్‌కాస్ట్‌కు 30 కోట్లు, మొదటి ఏడు 1 కోటీ 20 లక్షలు. 5 శాతం చొప్పున పెరుగుతూ పోతే 25 ఏళ్లకు జమయ్యేది సుమారు 57 కోట్లు. అదే విస్తీర్ణంలో భూగర్భ గని అయితే మొదటి ఏడు 20 లక్షలు, చివరికి తొమ్మిదిన్నర కోట్లు. ఇప్పుడు మనుషుల్ని చూడండి. టన్నుకు ఎక్కువ మంది చేతులు పడేది భూగర్భ గనిలోనే, ఊరు పుట్టేది దాని చుట్టూనే. మూసేటప్పుడు దానికి దక్కేది ఆరో వంతు. తర్వాత రేట్లు సవరించారు, కానీ అప్పుడూ ఓపెన్‌కాస్ట్‌కు 9 లక్షలు, భూగర్భానికి లక్షన్నర. నిష్పత్తి కదల్లేదు. ఈ లెక్క పుట్టిందే గుంత పూడ్చడానికి, గుట్ట చదును చేయడానికి. మనిషి అందులో కొలత కాదు.

ఇంకొకటి. పనులు జరిగినకొద్దీ ఐదేళ్లకోసారి ఖాతాలోంచి కొంత వెనక్కి తీసుకోవచ్చు, 2009 మార్గదర్శకాల్లో అది 80 శాతం వరకు ఉండేది. మొక్కలు నాటినా, మట్టి చదును చేసినా బిల్లు పెట్టుకోవచ్చు. చివరి రోజుకు ఖాతాలో మిగిలేది ఊరి జనం ఊహించే మొత్తం కాదు.

ఇబ్రహీంపట్నం_ఫీడర్:
లెక్కలు గారూ, పర్మినెంట్ వాళ్లకు ఉద్యోగం పోలేదని మీరే అన్నారు. మరి ఊరు ఎందుకు పడిపోవాలి? జీతం అదే కదా, ఇంకో గనిలో వస్తుంది.

బ్రాడీపేట_లెక్కలు:
జీతం వస్తుంది, ఖర్చు పెట్టేది మాత్రం కొత్త చోట. వెయ్యి మంది బదిలీ అయితే వెయ్యి కుటుంబాల కిరాణా, ట్యూషన్, పాలు, ఆటో, టైలరింగు కూడా వాళ్లతో పోతాయి. కిరాణా కొట్టువాడికి బదిలీ ఉండదు. పాతబాకీల పుస్తకం అతని చేతిలోనే ఉంటుంది, బాకీదారు వంద కిలోమీటర్ల అవతల ఉంటాడు.

పైగా జిల్లా ఖనిజ నిధి కూడా ఎండిపోతుంది. బొగ్గు రాయల్టీ 14 శాతం. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం ఆ నిధికి పోతుంది. టన్ను 3,000 రూపాయలనుకుంటే రాయల్టీ 420, నిధికి 126. ఏడాదికి 5 లక్షల టన్నుల బాయి ఆగితే 6 కోట్ల 30 లక్షలు ఆగినట్టు. అది జిల్లా తాగునీటికి, ఆసుపత్రులకు పెట్టాల్సిన డబ్బు. అవసరం పెరిగే ఏడాదే నిధి తగ్గుతుంది.

సత్యనారాయణపురం_సుధ:
ఆడవాళ్ల సంపాదన ఏ జాబితాలోనూ ఉండదు, అది కూడా రాయండి. గని కాలనీలో పాలు పోసే ఆమె, షిఫ్టుకు క్యారేజీ కట్టే మెస్ ఆమె, చీటీ నడిపే ఆమె, బీడీలు చుట్టే ఆమె. జీతాల తేదీని బట్టి వీళ్ల వసూళ్లు నడుస్తాయి. కాలనీ ఖాళీ అయితే చీటీ మధ్యలో తెగుతుంది. 20 మంది చీటీలో ఐదుగురు బదిలీ మీద పోతే, ముందే పాడుకున్నవాళ్లెవరు, ఇంకా పాడనివాళ్లెవరు అన్నదాన్ని బట్టి నష్టమంతా నడిపే ఆమె నెత్తిన పడుతుంది. సర్వే చేసేవాళ్లు ఇంటి యజమాని ఉద్యోగం ఒక్కటే అడిగి వెళ్లిపోతారు.

పటమట_పుస్తకం:
మంచి మాట మేడమ్. సర్వే ఫారంలో ఇది వేరే గడిగా పెట్టాలి. భూమి, నీళ్ల సంగతి ఎవరైనా చెప్తారా?

కొత్తపేట_భూగర్భం:
చెప్తాను. కంపెనీ ఊళ్లో జనం గుర్తించని ఉపకారం ఒకటి ఉంది, పంపు. భూగర్భ గనిలో నీళ్లు రాత్రింబవళ్లు తోడుతూనే ఉండాలి. తోడిన నీళ్లే చాలా చోట్ల శుద్ధి చేసి కాలనీకి ఇస్తారు. గని ఆగితే పంపు ఆగుతుంది. మొదట కుళాయి ఎండుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు పాత గదుల్లోకి నీళ్లు మెల్లగా ఎక్కుతాయి.

అసలు ప్రమాదం అక్కడే. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో బొగ్గు తీసి, పైకప్పు మోయడానికి బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. తర్వాత డీపిల్లరింగులో ఆ స్తంభాలూ తీస్తే పైకప్పు కూలి గోఫ్ అవుతుంది. పైన ఊరో, రోడ్డో, వాగో ఉన్నచోట గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి లోపలికి కొట్టి నింపేవారు, దాన్నే శాండ్ స్టోయింగ్ అంటారు. నింపినచోట నేల దాదాపు నిలుస్తుంది. నింపకుండా, కూల్చకుండా స్తంభాలు అలాగే వదిలేసిన తక్కువ లోతు పాత బాయిలతోనే దిగులు. నీళ్లకు స్తంభం అంచులు రాలుతూ పోతాయి. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఒక వానాకాలం పెరట్లో గుండ్రంగా గొయ్యి పడుతుంది. నేల నిదానంగా వంగడం వేరు, ఇది వేరు. ఇది ఉన్నట్టుండి దిగుతుంది. లోతు 50 మీటర్ల లోపు ఉంటే ఎక్కువ జాగ్రత్త కావాలి.

అందుకే మొట్టమొదట అడగాల్సిన కాగితం గని ప్లాను. గని వదిలేసేటప్పుడు చివరి ప్లాను గనుల భద్రతా డైరెక్టరేట్‌కు ఇవ్వాలన్నది నిబంధన. దాన్ని ఊరి సర్వే నంబర్ల మీద పరిచి చూస్తే ఏ ఇంటి కింద గోఫ్ ఉందో, ఏ ఇంటి కింద స్తంభాలున్నాయో తెలుస్తుంది. ఆ మ్యాపు పంచాయతీ ఆఫీసు గోడమీద ఉండాలి. ఇల్లు కట్టుకునేవాడికి అది కనబడకపోతే ఎక్కడో ఫైల్లో ఉండి ఏం లాభం?

ఆమ్లనీటి భయం మాత్రం ఇక్కడ తక్కువ. గోదావరి లోయ గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి మేఘాలయలో లాగా ఎర్రటి ఆమ్లనీళ్లు పారవు. కాఠిన్యం, సల్ఫేటు పెరగొచ్చు. మూసిన తొలి ఐదేళ్లు ఏటా రెండుసార్లు, వేసవి చివర ఒకటి, వానల తర్వాత ఒకటి, బావినీళ్లు పరీక్ష చేయించాలి.

ఇబ్రహీంపట్నం_ఫీడర్:
జర్మనీలో దీనికి శాశ్వత నిధి పెట్టారని విన్నాను. నిజమేనా?

కొత్తపేట_భూగర్భం:
నిజమే. రూర్ ప్రాంతంలో 2007లోనే నిర్ణయం చేసి 11 ఏళ్ల గడువిచ్చారు. చివరి గని బోట్రాప్‌లో 2018 డిసెంబరు 21న ఆగింది. అక్కడ నేల కొన్నిచోట్ల 25 మీటర్ల దాకా దిగిపోయింది. పంపులు ఆపితే పట్టణాలే చెరువులవుతాయి. అందుకే ఆర్ఏజీ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టి, కంపెనీ షేర్ల ఆదాయంతో ఎప్పటికీ నీళ్లు తోడే ఖర్చు భరిస్తున్నారు. దాన్ని వాళ్లు అనంతకాలపు భారం అంటారు. నలభైల చివర్లో, యాభైలో ఉన్న కార్మికులకు రిటైర్మెంట్ వచ్చేదాకా భృతి ఇచ్చారు. నేను మెచ్చేది డబ్బు కంటే ఆ గడువును. పదకొండేళ్లంటే ఆరో తరగతి పిల్లాడు డిగ్రీ దాటేంత కాలం.

పటమట_పుస్తకం:
గడువు లేకుండా చేస్తే ఏమవుతుందో బ్రిటన్ చూపించింది. 1984 మార్చిలో 20 గనులు, 20 వేల ఉద్యోగాలు తీసేస్తామని చెబితే ఏడాది సమ్మె నడిచింది. సమ్మె ఓడిపోయింది. 1992లో మిగిలిన 50 గనుల్లో 31 మూసేస్తామన్నారు. చివరి లోతు గని కెల్లింగ్లీ 2015 డిసెంబరులో ఆగింది. విచిత్రం ఏమిటంటే, గని ఊళ్లలో నిరుద్యోగుల సంఖ్య అనుకున్నంత పెరగలేదు. షెఫీల్డ్ హాలమ్ యూనివర్సిటీ వాళ్లు తవ్వి చూస్తే, పని పోయిన మగవాళ్లు నిరుద్యోగుల జాబితాలోంచి అనారోగ్య భృతి జాబితాలోకి మారిపోయారని తేలింది. అంకె తగ్గిందని సంతోషించే ముందు ఆ మనుషులు ఏ జాబితాలోకి వెళ్లారో చూడాలి.

మన పక్కనే కోలారు కూడా ఉంది. బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూశారు. తమిళం, తెలుగు మాట్లాడే కార్మిక కుటుంబాలు. ఈనాటికీ వేలమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు వెళ్లి రాత్రికి తిరిగొస్తారు. పేరుకు ఊరు బతికే ఉంది, నిద్రపోవడానికి మాత్రమే.

గవర్నర్‌పేట_ఊపిరి:
ఆరోగ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. బొగ్గుధూళి ఊపిరితిత్తుల జబ్బు, సిలికోసిస్ పని మానేశాక కూడా ముదురుతాయి. ధూళి లోపలే ఉంటుంది, మచ్చ కట్టడం ఆగదు. పని చేస్తున్నంతకాలం గనుల రూల్స్ ప్రకారం నిర్ణీత గడువుల్లో వైద్యపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. రిటైరయ్యాకో, గని మూశాకో ఆ వరస తెగిపోతుంది. జబ్బు బయటపడేది ఎక్కువగా ఆ తర్వాతే.

సాధారణంగా జరిగే పొరపాటు ఇది: దగ్గు, ఆయాసంతో వచ్చినవాడికి టీబీ మందు మొదలుపెడతారు. గనిలో ఎన్నేళ్లు చేశావు, ఏ పని చేశావు అని అడగరు. డ్రిల్లరా, సపోర్ట్‌మ్యానా, హాలేజీయా అన్నదాన్ని బట్టి పీల్చిన ధూళి మారుతుంది. రాతిలో రంధ్రాలు వేసినవాడికి సిలికా ఎక్కువ. సిలికోసిస్ ఉన్నవాడికి టీబీ తొందరగా పట్టుకుంటుంది కాబట్టి రెండూ కలిసి ఉండొచ్చు. కళ్లె పరీక్ష చేయాల్సిందే, దానితోపాటు పని చరిత్రా రాయాల్సిందే. ఎక్స్‌రేను అంతర్జాతీయ కార్మిక సంస్థ వర్గీకరణ ప్రకారం చదివించమని అడగండి. మామూలు రిపోర్టులో మచ్చలున్నాయి అని రాస్తే పరిహారం కేసులో నిలవదు. ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష కూడా తోడుండాలి.

పని మానే రోజున పాత ఎక్స్‌రేలు, వైద్యపరీక్ష కాగితాల నకళ్లు అడిగి తెచ్చుకోవాలి. గని ఆసుపత్రి మూతపడ్డాక ఆ ఫిల్ములు ఎవరి దగ్గరా ఉండవు.

అరండల్‌పేట_వకీలు:
ఊపిరి గారు చెప్పిన చివరి మాటే కోర్టులో ప్రాణం. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో క్లెయిముకు రెండేళ్ల గడువు. వృత్తి జబ్బయితే, పని మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు మొదలైతే, అవి మొదట కనబడ్డ రోజునే ప్రమాదం జరిగిన రోజుగా లెక్కిస్తారు. ఈ జబ్బు పదేళ్ల తర్వాత కూడా రావచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే క్లెయిము తీసుకునే అధికారం ఉంది, కానీ కారణం కాగితంతో చూపాలి. అందుకే మానేసిన ఏడాదిలోపే ఎక్స్‌రే, స్పైరోమెట్రీ ఒకసారి చేయించి తేదీతో దాచుకోండి. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. కొత్త కేసు వేసేటప్పుడు ఆ సెక్షన్లు చూసుకోవాలి.

మూసివేత అనుమతి మాట కూడా చెప్తాను. పాత పారిశ్రామిక వివాదాల చట్టం కింద 100 మంది, ఆపైన ఉన్న గని, ఫ్యాక్టరీ మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సి వచ్చేది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ సంఖ్య 300 అయింది. 90 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి, 60 రోజుల్లో ప్రభుత్వం ఏమీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే. కాబట్టి యూనియన్ అభ్యంతరం ఆ 60 రోజుల్లోనే చేరాలి. పరిహారం ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం.

కృష్ణలంక_మేస్త్రి:
వకీలుగారూ, కాంట్రాక్టోళ్ల సంగతేంటండీ? బూడిద లారీలు, వ్యాగన్ అన్‌లోడింగు, కోల్ యార్డు క్లీనింగు, అంతా వాళ్లే కదా.

అరండల్‌పేట_వకీలు:
చట్టం వాళ్ల దగ్గరికొచ్చేసరికి పల్చబడుతుంది మేస్త్రిగారూ. గ్రాట్యుటీ చూడండి. చివరి బేసిక్, డీఏ కలిపి 60 వేలున్న పర్మినెంట్ కార్మికుడికి 30 ఏళ్లకు, 60 వేలను 26తో భాగించి 15తో, తర్వాత 30తో గుణిస్తే 10 లక్షల 38 వేలు. అదే గేటులోంచి అన్నేళ్లూ లోపలికెళ్లిన కాంట్రాక్టు మనిషికి రెండు మూడేళ్లకోసారి కాంట్రాక్టరు మారతాడు, చేరిన తేదీ కొత్తగా పడుతుంది, గ్రాట్యుటీకి కావలసిన ఐదేళ్లు ఎవరి దగ్గరా నిండవు. అడిగితే సున్నా అంటారు.

దీన్ని ఎదుర్కోవాలంటే ఆధారాలు ఒక్కచోట ఉండాలి. పాత గేట్ పాసులన్నీ, గడువు తీరినవి కూడా, పారేయొద్దు. పాసు మీద కాంట్రాక్టరు పేరు మారినా పనిచేసిన చోటు, యూనిట్ నంబరు ఒకటే ఉంటాయి. నిరంతరంగా అక్కడే పనిచేశాడని చూపడానికి అదే సాక్ష్యం. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఒకే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) కింద అందరు కాంట్రాక్టర్ల సభ్యత్వాలూ కలిశాయో లేదో చూసుకోవాలి. ఒక్కో కాంట్రాక్టరూ కొత్త యూఏఎన్ తీస్తే సర్వీసు ముక్కలవుతుంది, పదేళ్లు నిండక పెన్షన్ అర్హత పోతుంది. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ సరిచేయించి, పాత ఖాతాలు ట్రాన్స్‌ఫర్ పెట్టించాలి. ఈ పని ప్లాంటు నడుస్తున్నప్పుడే కావాలి. కాంట్రాక్టరు ఆఫీసు ఎత్తేశాక సంతకం పెట్టేవాడు దొరకడు.

ఇబ్రహీంపట్నం_ఫీడర్:
మేస్త్రిగారి ప్రశ్నకు మా వైపు అంకెలు. 210 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడులో రోజుకు 50 లక్షల యూనిట్ల కరెంటు ఇస్తుంది. యూనిట్‌కు 700 గ్రాముల బొగ్గనుకుంటే రోజుకు 3,500 టన్నులు, అంటే దాదాపు ఒక రేకు, ఒక గూడ్సు రైలు నిండా. బూడిద 35 శాతమనుకుంటే రోజుకు 1,200 టన్నుల పైచిలుకు. 20 టన్నుల బండైతే 60 ట్రిప్పులు. ఒక్క యూనిట్ ఆగితే పోయేది అరవై ట్రిప్పులూ, వాటి డ్రైవర్లూ, క్లీనర్లూ, టార్పాలిన్ కట్టేవాళ్లూ, ఆ బూడిదతో నడిచే ఇటుకల యూనిట్లూ. బూడిద ఇటుక అమ్మేవాడు ప్లాంటు ఉద్యోగి కాదు కాబట్టి ఏ మూసివేత జాబితాలోనూ ఉండడు. బూడిద చెరువులో నిల్వ ఉన్నది కొన్నాళ్లు తవ్వుకోవచ్చు. కానీ చెరువు బూడిద గరుకు, తడి. ఇటుకకు కావలసింది సన్నటి పొడి బూడిద. రెండూ ఒకటి కావు, మిశ్రమం మార్చుకోవాలి, బలం మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

బ్రాడీపేట_లెక్కలు:
పెన్షన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, గుంటూరు, విజయవాడల్లో స్థిరపడ్డ సింగరేణి కుటుంబాలకు పనికొస్తుంది. 1998 బొగ్గు గనుల పెన్షన్ పథకంలో 30 ఏళ్ల పూర్తి సర్వీసుకు సగటు జీతంలో 25 శాతం. దానికి డీఏ లేదు. రిటైరైన రోజున ఎంతో, పోయేదాకా అంతే. తొంభైల చివర్లో రిటైరైనవాళ్లకు వెయ్యి కూడా రాని పెన్షన్లున్నాయి. 2024లో కనీసం 1,000 చేశారు. వెయ్యికి ఏం వస్తుందో మీకు తెలుసు.

ఎక్కువగా ఆగిపోయేది భార్య పెన్షన్. పీపీఓలో (పెన్షన్ మంజూరు కాగితం) ఆమె పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది, పుట్టిన తేదీ ఉండదు. ఆయన ఉండగానే దిద్దించాలి. ఆయన పోయాక చేయాలంటే వారసత్వ పత్రం దాకా వెళ్తుంది. ఏటా నవంబరులో జీవన్ ప్రమాణ్ (బతికున్నట్టు ధ్రువపత్రం) తప్పనిసరి. వేలిముద్ర పడకపోతే ఫోన్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది.

వీఆర్‌ఎస్ తీసుకునేవాళ్లకు ఒక్క మాట. చేతికొచ్చిన మొత్తంలోంచి ముందు ఏటీఎం కార్డు తాకట్టు పెట్టుకున్న ఫైనాన్సువాడి అప్పు తీర్చి కార్డు, పాస్‌బుక్ వెనక్కి తీసుకోండి, పిన్ మార్చండి. లారీ కొనడం, ఆటో కొనడం ఆ తర్వాత. గని ఊళ్లో గని ఆగే ఏడాదే అందరూ ఆటోలు కొంటారు, ఎక్కేవాడు ఉండడు. 55 దాటినవాళ్లు డబ్బు అందిన మూడు నెలల్లోపు సీనియర్ సిటిజన్స్ పొదుపులో వేసుకోవచ్చు. వడ్డీ 8.2 శాతమనుకుంటే 15 లక్షలకు మూడు నెలలకోసారి 30,750 వస్తుంది. మూడు నెలలు దాటితే 60 నిండేదాకా ఆగాలి.

పటమట_పుస్తకం:
ఇప్పటిదాకా వచ్చినవాటితో ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు ఇంటింటి ఫారం తయారు చేస్తున్నాను. ఇంట్లో ప్రతి ఒక్కరి సంపాదన, ఆడవాళ్లది వేరేగా. ప్లాంటు మీద ఆధారపడే తీరు: పర్మినెంట్, కాంట్రాక్టు, బూడిద, రవాణా, కొట్టు, చీటీ. కుళాయి నీళ్లు ఎవరిస్తున్నారు. ఇంటిస్థలం కాగితం ఉందా, సింగరేణి ఊళ్లలో కంపెనీ స్థలాల ఇళ్లకు జీవో 76తో పట్టాలకు తిరగాల్సి వచ్చింది కదా, ఆ అవస్థ ఇక్కడ రాకుండా. చివరి ఛాతీ ఎక్స్‌రే ఏ ఏడు. ఇంకేమైనా కలపాలా?

అరండల్‌పేట_వకీలు:
కాంట్రాక్టు మనిషికి ఒక్క గడి చాలదు. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ ఒక వరస: పేరు, మొదలు తేదీ, చివరి తేదీ, గేట్ పాసు నంబరు, యూఏఎన్. కనీసం ఎనిమిది వరసలు వదలండి.

కృష్ణలంక_మేస్త్రి:
ఎనిమిది సరిపోవండీ. ఇరవై ఏళ్లుగా చేస్తున్నోళ్లున్నారు. పన్నెండు పెట్టండి. పాసు ఫొటో తీసి పక్కనే అంటించే చోటు కూడా వదలండి, లామినేషన్ ఊడిపోయి అంకెలు చెరిగిపోతున్నాయి.